చేతికర్ర ఏ చేత్తో? కీళ్లు మోసే బరువుల లెక్క

కుడి తుంటి నొప్పిగా ఉన్న మనిషి చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? ఎవరినడిగినా కుడిచేత్తోనే అంటారు. నొప్పి ఎటుంటే ఆసరా అటే కదా! గుళ్ల దగ్గర, పార్కుల్లో, ఆస్పత్రి వరండాల్లో పెద్దవాళ్లు చాలామంది అలాగే పట్టుకుని నడుస్తుంటారు. ఫిజియోథెరపిస్టు మాత్రం ఎడమచేత్తో పట్టుకోమంటారు. వినడానికి ఇది వింతగా ఉంటుంది గానీ, లెక్క వేసి చూస్తే ఆ మాటే ఒప్పని తేలుతుంది. ఆ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు, గుణకారం, భాగహారం వస్తే చాలు.

ఒకసారి పట్టుబడితే ఆ లెక్క ఒంట్లో ఏ కీలు దగ్గరైనా పనికొస్తుంది. కూరగాయల సంచి ఎటువైపు మోయాలి, బియ్యం బస్తా ఎత్తబోతే నడుము ఎందుకు పట్టేస్తుంది, మెట్లు దిగాక తొడలు ఎందుకు వణుకుతాయి, వీటన్నిటికీ జవాబు దాదాపు ఒకటే. మనం బరువు ఎంత అని చూస్తాం, కీలు మాత్రం ఆ బరువు తనకు ఎంత దూరంలో ఉందో చూస్తుంది.

మోచేతి దగ్గర మొదలుపెడదాం, అక్కడ లెక్క అన్నిటికన్నా తేలిక. (బలాన్ని న్యూటన్లలో చెప్పాలని సైన్సు మాస్టార్లు పట్టుబడతారు. ఇక్కడ కిలోల్లోనే చెప్తాను, బరువు చేతికి తెలిసినట్టు ఉంటుంది.) మోచేతిని లంబకోణంలో వంచి అరచేతిలో 5 కిలోల బరువు పట్టుకోండి. దాన్ని పడిపోకుండా ఆపేది జబ్బ ముందువైపు ఉబ్బే కండరం, జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు బైసెప్స్ అనేది. ఈ కండరం ముంజేతి ఎముకను పట్టుకునే చోటు మోచేతి కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అరచేయి 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఇరుసు చుట్టూ తిరిగే దేనికైనా బలాన్నీ, ఆ బలం ఇరుసుకు ఎంత ఎడంగా పనిచేస్తోందన్న దూరాన్నీ గుణించాలి. బరువు వైపు 5ను 35తో గుణిస్తే 175. చేయి కదలకుండా ఉండాలంటే కండరం వైపు కూడా 175 రావాలి. దానికి దక్కిన దూరం 5 సెంటీమీటర్లే కాబట్టి అది 35 కిలోల బలంతో లాగాలి. ముంజేతి సొంత బరువు కూడా కలిపితే దాదాపు 40.

లెక్క అక్కడితో ఆగదు. కండరం ముంజేతిని 35 కిలోలతో పైకి లాగుతోంది, చేతిలో బరువు 5 కిలోలతో కిందికి లాగుతోంది. మిగతా 30 కిలోలు ఎటు పోయినట్టు? జబ్బ ఎముక, ముంజేతి ఎముక ఒకదాన్నొకటి నొక్కుకోవడంలో పోతాయి. చేతిలో ఉన్నది 5 కిలోలే, మోచేతి కీలు మీద పడుతున్నది దానికి ఆరు రెట్లు.

గడ్డపారతో రాయి లేపేటప్పుడు మనం పొడుగు కొస పట్టుకుంటాం. పొట్టి కొస రాయి కింద ఉంటుంది కాబట్టి కొద్ది బలంతోనే పెద్ద రాయి కదులుతుంది. మన ఒళ్లు ఆ గడ్డపారను తిరగేసి పట్టుకుంది. పొట్టి కొస కండరానికి ఇచ్చి, పొడుగు కొస బరువుకి వదిలేసింది. ఈ సంగతిని మొదట లెక్క కట్టి చూపించినవాడు ఇటలీ గణిత శాస్త్రజ్ఞుడు జియోవన్నీ అల్ఫోన్సో బొరెల్లి. కండరాలు తక్కువ బలంతో ఎక్కువ బరువులు లేపుతాయని అప్పటిదాకా పండితులు నమ్మేవాళ్లు. జరిగేది సరిగ్గా దానికి తలకిందులని బొరెల్లి ఒక్కో కీలునూ తీసుకుని నిరూపించాడు. ఆ పని అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1679 చివర్లో చనిపోతే, గ్రంథం ఆ తర్వాత రోమ్‌లో వెలువడింది.

ఇంత నష్టం వచ్చే ఏర్పాటు శరీరానికి ఎందుకు? జవాబు కండరం పనిచేసే తీరులో ఉంది. కండరం లాగగలదు గానీ తోయలేదు. మోచేతిని వంచే కండరం ముందు ఉంటే, చాచే కండరం వెనకాల విడిగా ఉండాల్సిందే. అందుకే ఒంట్లో కండరాలు ఎక్కువగా ఎదురెదురు జట్లుగా ఉంటాయి. లాగడం కూడా ఎక్కువ దూరం కుదరదు. కండరపు పోగులో మిల్లీమీటరులో 400వ వంతు పొడవుండే గదులు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్కో గదిలోనూ రెండు రకాల ప్రొటీన్ తంతువులు ఒకదాని పక్కన ఒకటి జారి గదిని పొట్టిగా చేస్తాయి. 1954లో ఈ జారుడు సంగతిని రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. ఒక దానిలో ఆండ్రూ హక్స్‌లీ, రెండో దానిలో హ్యూ హక్స్‌లీ. ఇంటిపేరు ఒకటే అయినా చుట్టరికం లేదు. తంతువులు జారడానికి ఉన్న చోటు కొంచెమే కాబట్టి పోగు తన పొడవులో సగం దాకా కుదించుకోవడమే గొప్ప.

బలానికి మాత్రం కొదవ లేదు. కండరాన్ని అడ్డంగా కోస్తే వచ్చే ప్రతి చదరపు సెంటీమీటరుకీ 2.5 నుంచి 3 కిలోల దాకా లాగగలదు. అంటే కండరం చేతిలో బలం దండిగా ఉంది, కదలిక కొంచెమే ఉంది. ఉన్నదాన్ని ఇచ్చి లేనిదాన్ని కొనుక్కోవాలి. కీలుకు దగ్గరగా అతుక్కుంటే ఆ బేరం కుదురుతుంది. కండరం 1 సెంటీమీటరు కుదించుకుంటే అరచేయి 7 సెంటీమీటర్లు కదులుతుంది, అదీ అంతే సమయంలో. రాయి విసరడం, బంతి వేయడం, కాలు జారినప్పుడు చెయ్యి చాచి పట్టు దొరకబుచ్చుకోవడం, అన్నీ ఈ వేగం మీదే ఆధారపడ్డాయి. పైగా బైసెప్స్ మణికట్టు దగ్గర అతుక్కుని ఉంటే చెయ్యి వంచినప్పుడల్లా జబ్బ నుంచి మణికట్టు దాకా కండరం గోడలా అడ్డం నిలబడేది, ముద్ద నోటికి చేరేదే కాదు.

ఇక తుంటికి వద్దాం. నడకలో ప్రతి అడుగుకీ కాసేపు ఒంటికాలి మీద నిలబడతాం. 60 కిలోల మనిషి కుడికాలి మీద నిలబడ్డాడనుకోండి. ఆ కాలి బరువు సుమారు 10 కిలోలు తీసేస్తే, మిగతా 50 కిలోలూ కుడి తుంటి కీలు మీద ఆనాలి. చిక్కేమిటంటే ఆ 50 కిలోల కేంద్రం కీలుకు నేరుగా పైన ఉండదు, సుమారు 10 సెంటీమీటర్లు ఎడమకు, ఒంటి మధ్యగీత వైపు ఉంటుంది. వదిలేస్తే నడుము ఎడమకు ఒరిగిపోతుంది. ఒరగకుండా ఆపేది కుడి తుంటి బయటివైపు, ప్యాంటు జేబు దగ్గరుండే కండరం. దానికీ కీలుకీ మధ్య దూరం 5 సెంటీమీటర్లే. 50ని 10తో గుణిస్తే 500, దాన్ని 5తో భాగిస్తే 100. కండరం 100 కిలోలతో కిందికి లాగుతుంది. పైనుంచి 50, కండరం లాగుడు 100, వెరసి తుంటి కీలు మీద 150 కిలోలు. మనిషి బరువుకి రెండున్నర రెట్లు.

ఇది కాగితం మీది లెక్కే కాదు. బెర్లిన్‌లో గేయోర్గ్ బెర్గ్‌మాన్ బృందం కృత్రిమ తుంటి కీళ్లలో సెన్సర్లు పెట్టి, ఆపరేషన్ అయిన మనుషులు నడుస్తుండగా లోపలి బలాన్ని కొలిచింది. మామూలు నడకలో వచ్చింది దాదాపు రెండున్నర రెట్లే. తూలి పడబోయి ఆపుకున్న క్షణంలో మాత్రం ఏడు రెట్లు దాటింది. కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకోవడం వల్ల అలా జరుగుతుంది.

ఇప్పుడు ఎడమచేతికి కర్ర ఇవ్వండి. దాని మీద ఓ 5 కిలోల బరువు మోపితే చాలు. ఆ చెయ్యి కుడి తుంటి కీలుకు 40 సెంటీమీటర్లైనా ఎడంగా ఉంటుంది. 5ను 40తో గుణిస్తే 200. నడుము ఎడమకు ఒరగకుండా ఆ 200 కర్రే చూసుకుంటుంది. కండరానికి మిగిలింది 300, అంటే 60 కిలోల లాగుడు. కీలు మీద మొత్తం 150 ఉన్నది 105కి దిగింది. 5 కిలోలు నేలకు అప్పజెప్తే కీలుకు 45 కిలోలు తగ్గాయి! అదే కర్రను కుడిచేత్తో పట్టుకుంటే, పైకి తోసే ఆ బలం కీలుకు బయటివైపు పడి నడుమును ఎడమకే ఇంకాస్త ఒరిగిస్తుంది. మనిషి ఒళ్లంతా కుడికి వాల్చి కర్ర మీద వేలాడితే తప్ప లాభం ఉండదు, అప్పుడేమో భుజం పోతుంది. మోకాలి నొప్పికి కూడా కర్ర అవతలి చేత్తోనే పట్టుకోమంటారు.

సంచి సంగతి దీనికి తలకిందులు. కుడి తుంటి నొప్పి ఉన్నవాళ్లు 5 కిలోల కూరగాయల సంచిని ఎడమచేత్తో పట్టుకుంటే, 40 సెంటీమీటర్ల దూరాన వేలాడే ఆ బరువు కీలు మీద భారాన్ని 195 కిలోలకు తీసుకెళ్తుంది. కుడిచేత్తో పట్టుకుంటే సంచి కీలుకు బయటివైపు సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో వేలాడి, ఒరగబోయే నడుమును తనవైపు లాగి పెడుతుంది. కండరానికి పని తగ్గి మొత్తం 135 అవుతుంది. ఉత్తచేతులతో ఉన్నప్పుడు 150 అని గుర్తుందిగా? సంచి మోస్తే కీలుకు భారం తగ్గడం నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే చెప్తోంది. అయితే అవతలి తుంటికి ఆ లాభం ఉండదు. ఎడమకాలి మీద నిలబడ్డ క్షణంలో 195 దాని నెత్తిన పడుతుంది. రెండు తుంటులూ నొప్పిగా ఉన్నవాళ్లు సరుకుని రెండు సంచుల్లో సమంగా పంచుకోవడం మేలు, అప్పుడు రెండువైపులా 165 దగ్గర ఆగుతుంది.

కుంటి నడకలో ఉన్నదీ ఈ లెక్కే. తుంటి నొప్పి ఉన్న మనిషి ఆ కాలి మీద బరువు పడినప్పుడల్లా ఒళ్లు అటే వాలుస్తాడు. చూసేవాళ్లకు అది వంకర నడక. ఆయన చేస్తున్నదేమో ఒంటి బరువుని కీలు మీదికి జరిపి 10 సెంటీమీటర్లను 5కి తగ్గించుకోవడం. అలా చేస్తే కీలు మీద 150కి బదులు 100 పడుతుంది. ఎవరూ నేర్పకుండానే ఒళ్లు దీన్ని పట్టేస్తుంది. ఈ నడకకు మూలం తుంటి పక్క కండరంలో ఉందని జర్మన్ సర్జన్ ఫ్రీడ్రిష్ ట్రెండెలెన్‌బుర్గ్ 1895లో వివరించాడు, ఇప్పటికీ డాక్టర్లు చేసే పరీక్షకి ఆయన పేరే.

నడుము దగ్గర అంకెలు భయపెడతాయి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకి వెనక 5 సెంటీమీటర్ల దూరంలో వీపు కండరాలు ఉంటాయి. ముందుకు వంగితే నడుముకి పైనున్న ఒళ్లు, ఓ 30 కిలోలు, డిస్కుకి 25 సెంటీమీటర్ల ముందుకు వస్తుంది. 750ని 5తో భాగిస్తే 150. కింద పడ్డ పెన్ను తీయడానికి వంగితేనే వీపు కండరాలు 150 కిలోలు లాగుతున్నాయన్నమాట. పెన్ను బదులు 25 కిలోల బియ్యం బస్తా ఉండి, దాన్ని 40 సెంటీమీటర్ల దూరం నుంచి ఎత్తితే ఆ లాగుడు 350 అవుతుంది. ఒంటి బరువు, బస్తా బరువు కూడా కలిసి డిస్కు మీద 400 కిలోల దరిదాపుల్లో పడుతుంది. అదే బస్తాను పొట్టకు ఆనించుకుని నిటారుగా నిలబడితే డిస్కు మీద పడేది 200 లోపే. బస్తా అదే, మనిషీ అదే.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్, డిస్కు మీద 3,400 న్యూటన్లు, అంటే సుమారు 350 కిలోలు దాటే పని ప్రమాదకరమని 1981లో ఒక గీత గీసింది. తర్వాత వేసిన సూత్రంలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగ్గ బరువును 23 కిలోలకు పరిమితం చేసింది. మన బియ్యం బస్తా 25, సిమెంటు బస్తా 50. గోడౌన్ల దగ్గర హమాలీలను చూడండి. బస్తాను నేల మీంచి ఒక్కడే ఎత్తుకోడు, ఇద్దరు పట్టి వీపు మీదికో తల మీదికో ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కాక బరువు వెన్నుకు దగ్గరగా ఉంటుంది, గుణించడానికి దూరం మిగలదు. నేర్పు గొప్పదే. కానీ 50 కిలోలూ పైనుంచి నేరుగా వెన్ను మీద దిగుతూనే ఉంటాయి, రోజంతా దిగుతాయి. దూరం తగ్గిస్తే భారం తగ్గుతుంది తప్ప మాయం కాదు.

నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తమని ప్రతి ఆఫీసు గోడ మీదా బొమ్మ ఉంటుంది. దాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. రెండు మోకాళ్ల మధ్య ఇమిడే చిన్న పెట్టె అయితే ఆ సలహా బాగానే పనిచేస్తుంది, పెట్టె ఒంటికి దగ్గరగా వస్తుంది కాబట్టి. వెడల్పాటి పెట్టె అయితే మోకాళ్లే అడ్డమై దాన్ని ముందుకు నెడతాయి, దూరం పెరిగి డిస్కుకి ఇంకా కష్టం. బొమ్మలో మోకాళ్లకన్నా ముందు గీయాల్సింది పెట్టెకీ పొట్టకీ మధ్య ఖాళీ.

ఇక్కడ స్కూలు పుస్తకాల మీద ఒక ఫిర్యాదు. మునివేళ్ల మీద లేవడాన్ని చాలా పుస్తకాలు తక్కువ బలంతో ఎక్కువ బరువు లేపే ఉదాహరణగా చూపిస్తాయి. వేళ్ల మొదళ్లు ఇరుసు, మధ్యలో చీలమండ మీద ఒంటి బరువు, వెనకాల మడమను లాగే పిక్క కండరం. బొమ్మ చూస్తే పిక్కకే లాభం ఉన్నట్టుంది. అయితే ఆ పిక్క కండరం ఎక్కడి నుంచో వచ్చి లాగడం లేదు, తొడ, కాలి ఎముకలను పట్టుకునే లాగుతోంది. అంటే తను ఎంత బలంతో లాగితే అంతా చీలమండ మీద అదనపు భారంగా పడుతుంది. చీలమండ దగ్గర లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది: వేళ్ల మొదళ్లు 12 సెంటీమీటర్ల ముందు, మడమ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది) 5 సెంటీమీటర్ల వెనక. 60 కిలోల మనిషి ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడితే టెండన్ 144 కిలోలు లాగుతుంది. అది ఒంట్లోకెల్లా లావైన టెండన్ కావడానికి కారణం ఉంది మరి.

ఇంత భారం రోజూ పడుతుంటే ఎముకలూ కీళ్లూ ఎలా తట్టుకుంటున్నాయి? ముందు ఎముక. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు ఉంటాయని అందరికీ తెలుసు. అవి చచ్చుగా పడి ఉండవన్నది అంతగా తెలియదు. భారం పడ్డ దిక్కున ఎముక తనను తాను మందం చేసుకుంటుంది, పడని చోట కరిగించుకుంటుంది. బెర్లిన్ సర్జన్ యూలియస్ వోల్ఫ్ 1892లో దీన్ని ఒక నియమంగా రాశాడు. చిన్నప్పటి నుంచి ఆడే టెన్నిస్ ఆటగాళ్ల రాకెట్ చేతి ఎముక రెండో చేతి ఎముక కన్నా మందంగా ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి తేలే వ్యోమగాములకు తుంటి లాంటి చోట్ల నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక సాంద్రత పోతుంది. అక్కడ మోయడానికి ఒంటి బరువు కూడా లేదు కదా.

ఎముకల కొసలను కప్పి ఉంచే మృదులాస్థి కథ ఇంకా విచిత్రం. మన ఇళ్లలో గుజ్జు అనేది దీన్నే. మోకాలి దగ్గర 2 నుంచి 4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, అందులో చాలా భాగం నీళ్లే. రెండు మృదులాస్థి పొరలు ఒకదాని మీద ఒకటి మంచు మీద మంచు కన్నా తేలిగ్గా జారతాయి. దీనిలో రక్తనాళాలు లేవు. మరి తిండి ఎలా? కీలులో ఉండే ద్రవం నుంచి. అడుగు వేస్తే పొర నలిగి కొంత ద్రవం బయటికి పోతుంది, అడుగు తీస్తే తాజా ద్రవం లోపలికి వస్తుంది. నలగడమూ వదలడమూ ఆగితే పొర పస్తులుంటుంది.

అందుకే "గుజ్జు అరిగిపోయింది, ఇక నడవకండి" అన్న మాట వింటే నాకు చిరాకు. టైరు అరిగినట్టు వాడిన కొద్దీ అరిగి, వాడకపోతే మిగిలి ఉండే వస్తువు కాదు అది. ఎక్స్‌రేలో సందు బాగా తగ్గినా నొప్పి లేనివాళ్లున్నారు, సందు బాగానే ఉండి నొప్పితో బాధపడేవాళ్లూ ఉన్నారు. మోకాలి కీళ్లవాతానికి ప్రపంచమంతా డాక్టర్ల మార్గదర్శకాలు మొదటి వరసలో పెట్టే చికిత్సల్లో వ్యాయామం ఉంది, ముఖ్యంగా తొడ కండరాలను బలపరిచేది. బరువు తగ్గడం ఇంకోటి. కీళ్లవాతం ఉన్న స్థూలకాయుల మీద అమెరికాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంట్లో 1 కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద 4 కిలోలు తగ్గినట్టు తేలింది. ఎందుకు నాలుగో ఈపాటికి మీరే చెప్పగలరు.

మోకాలి దగ్గర ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. నిటారుగా, తొడలు వదులుగా పెట్టి నిలబడి, మోకాలి చిప్పను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. కదులుతుంది. ఇప్పుడు మోకాలు కొద్దిగా వంచి మళ్లీ కదపండి. బిగుసుకుపోయి ఉంటుంది. నిటారుగా ఉన్నప్పుడు ఒంటి బరువు గీత మోకాలి కీలులోంచో కాస్త ముందు నుంచో పోతుంది, కాబట్టి తొడ ముందు కండరానికి పని లేదు. వంచగానే ఆ గీత కీలుకు వెనక్కి జరుగుతుంది, కండరం లాగక తప్పదు. వంపు పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది, లాగుడూ పెరుగుతుంది. మోకాలి చిప్ప ఉన్నదే ఈ కష్టం తగ్గించడానికి. కండరాన్ని కీలు నుంచి ఎత్తిపట్టి దాని దూరాన్ని పెంచుతుంది. ఏ ప్రమాదంలోనో చిప్ప తీసేయాల్సి వచ్చినవాళ్లకు మోకాలు చాచే బలం బాగా తగ్గిపోతుంది.

లోతైన సోఫాలోంచి లేవడం పెద్దవాళ్లకు నరకం కావడానికి ఇదే కారణం. సీటు ఎంత కిందికి ఉంటే మోకాలి వంపు అంత ఎక్కువ, ఒళ్లు కీలుకి అంత వెనక. కుర్చీ అంచుకి జరిగి, పాదాలను వెనక్కి లాక్కుని, తలను మోకాళ్ల మీదుగా ముందుకు వంచి లేస్తే ఒంటి బరువు పాదాల మీదికి వచ్చేస్తుంది, తొడలకు సగం పని తప్పుతుంది. కుర్చీ ఎత్తు నాలుగు అంగుళాలు పెంచడం చాలా ఇళ్లలో మందుబిళ్ల కన్నా మెరుగ్గా పనిచేస్తుందని నా నమ్మకం. గొంతుక్కూర్చోవడం మాత్రం అనుకున్నంత చెడ్డది కాదు. పూర్తిగా కూర్చున్నాక తొడ పిక్కకి ఆనుకుని కొంత బరువు తీసుకుంటుంది. కష్టమంతా సగం దిగినప్పుడు, సగం లేచినప్పుడు.

మెట్ల దగ్గరికి వస్తే తిరుమల అలిపిరి దారి కన్నా మంచి ప్రయోగశాల ఉండదు. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. ఎక్కేవాళ్లకు ఆయాసం, చెమట, మధ్యమధ్యలో కూలబడటం. కాలినడకన దిగేవాళ్లకు ఆయాసం పెద్దగా ఉండదు, కబుర్లు చెప్పుకుంటూ దిగుతారు. కానీ సగం దారికి తొడలు వణకడం మొదలవుతుంది, మర్నాడు మంచం దిగాలంటే "అమ్మో" అంటారు.

ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ లాగుతుంది. దిగేటప్పుడు అదే కండరం లాగుతూనే పొడుగవుతుంది, ఒంటిని దబ్బున పడనీయకుండా మెల్లగా కిందికి దించుతుంది. ఇలా సాగుతూ లాగేటప్పుడు కండరం మామూలు కన్నా ఎక్కువ బలం ఇవ్వగలదు, పైగా తక్కువ ప్రాణవాయువుతో. ఆయాసం రాకపోవడానికి అదే కారణం. కానీ కొద్ది పోగులే మొత్తం భారం మోస్తాయి, ఒక్కో పోగు మీద ఒత్తిడి ఎక్కువై లోపల సూక్ష్మంగా చిరుగుతుంది. ఆ నొప్పి వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి, తర్వాత దానంతటదే పోతుంది. కండరం ఆ దెబ్బను గుర్తు పెట్టుకుని మానుతుంది. కొన్ని వారాల్లోపు మళ్లీ అంతే దిగితే నొప్పి చాలా తక్కువ ఉంటుంది. కొండ దిగాలనుకునేవాళ్లు వారం పది రోజుల ముందు ఇంటి దగ్గర మెట్లు కొంచెం కొంచెం దిగి అలవాటు చేసుకోవడం మంచిది. ఎక్కడం అలవాటు చేసుకుంటే దిగడానికి పెద్దగా పనికిరాదు.

ఒక మోకాలు నొప్పిగా ఉన్నవాళ్లకు మెట్ల మీద ఏ కాలు ముందు వేయాలన్నదీ దీన్నిబట్టే తేలుతుంది. ఎక్కేటప్పుడు పై మెట్టు మీద ముందు పెట్టిన కాలే ఒంటిని లేపుతుంది కాబట్టి అది బాగున్న కాలు కావాలి. దిగేటప్పుడు పనిచేసేది ముందు వెళ్లిన కాలు కాదు. పై మెట్టు మీద ఉండిపోయి, మోకాలు వంచుకుంటూ ఒంటి బరువంతా మెల్లగా దించే కాలు. బాగున్న కాలు అక్కడ ఉండాలి. నొప్పి కాలు ముందు దిగి, కింది మెట్టు మీద దాదాపు నిటారుగా ఆనాలి.